ఫైనల్ దాకా వెళ్ళినమ్మాయి

పోయిన ఆదివారం మా ఇంట్లో పప్పు మాడిపోయింది. కారణం పి.వి. సింధు అంటే మీరు నవ్వుతారు.

మా కాజీపల్లి ఆదివారాల సంగతి ముందు చెప్పాలి. ఇక్కడ సగం ఇళ్ళలో మగవాళ్ళు మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళే. ఒకరు డ్యూటీ దిగి వచ్చి ముసుగు తన్ని పడుకుంటే, ఇంకొకరు టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరతారు. ఇంటిల్లిపాదీ ఒక్కసారి మెలకువగా ఉండటమంటే ఆదివారం పది దాటాకే. ఆ వేళకి పటాన్‌చెరు నుంచి మా మరిది వస్తాడు. కింది వాటాలోంచి ఇంటిగలావిడ పైకి వస్తుంది. ఆవిడది ఈ చుట్టుపక్కలే, జిన్నారం వైపు. నన్ను 'బిడ్డా' అంటుంది. మా మరిదిని 'కొడుకా' అంటుంది. మా వారిని మాత్రం, ఎందుకో, 'సారూ' అంటుంది.

ఆ రోజు టీవీలో ఏదో పాత ఆట వేస్తున్నారు. సింధు కనబడగానే మా మరిది నిట్టూర్చాడు.

"ఎంత ఆడితే ఏం లాభం వదినా? గొప్ప ప్లేయరే, కాదనను. కానీ ఫైనల్ అనేసరికి చేతులు వణుకుతాయి. అసలైన సమయానికి నిలబడాలి కదా, అదీ గొప్పతనమంటే!"

మా వారు కళ్ళు నులుముకుంటూనే సైనాని తీసుకొచ్చారు. "సైనా అయితే అలా కాదు. బరిలోకి దిగితే కొట్టి తీరేది. గోల్డ్ కోస్ట్‌లో ఈ సింధునే ఓడించలా?"

ఇంటిగలావిడ చాటలో బియ్యం ఏరుతూ అంది: "ఏంది కొడుకా, గట్లంటవ్? గంత దూరం పోయినందుకే గద గా పిల్ల ఓడిందని నీకెరుక. ఇంట్ల కూసున్నోళ్ళకు ఓటమి ఏడిది?"

ఇక చూస్కోండి. గంటన్నర నడిచింది. నేనూ గరిటె చేత్తో పట్టుకుని వాదనలో దిగాను. పప్పు సంగతి వాసన వచ్చాక గానీ గుర్తు రాలేదు. అన్నట్టు, మా ఊళ్ళో వాసనని నమ్ముకోవడానికీ లేదు. గాలి ఇటు తిరిగిందంటే ఏది వంటింటి వాసనో ఏది ఫ్యాక్టరీ వాసనో తెలియదు.

నేనేమీ క్రీడా పండితురాలిని కాను. చిన్నప్పుడు తొక్కుడు బిళ్ళ తప్ప ఏదీ ఆడినదాన్ని కాదు. అయినా ఈ వాదన నన్ను వదల్లేదు. దానికో కారణముంది, తరవాత చెబుతాను. ఆ వారమంతా మధ్యాహ్నాలు పని అయ్యాక ఫోనులో పాత ఆటలు పెట్టుకుని చూశాను. నవలని మళ్ళీ చదివినట్టు, వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ చూశాను. చూసినదాన్ని గురించి నాకు తోచింది రాస్తున్నాను.

మొట్టమొదట రియో. 2016 ఆగస్టు 19. ఆ రోజు శ్రావణ శుక్రవారమని నాకు బాగా గుర్తు. మా వీధిలో పేరంటానికి వెళ్ళినవాళ్ళమంతా తాంబూలాలు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళింటి టీవీ ముందే కూర్చుండిపోయాం. కాళ్ళకి పసుపు ఆరలేదు. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు. నా ఒళ్ళో శనగల కోసం పేచీ పెడుతోంది. మొదటి గేమ్ సింధు 21-19తో గెలిచేసరికి ఆ హాల్లో లేచిన కేక చౌరస్తా దాకా వినబడి ఉంటుంది. తరవాత రెండు గేములూ స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ పట్టుకుపోయింది, 21-12, 21-15. ఓడిపోయిందని ఆ రోజు ఎవరూ బాధపడలేదు. ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ మన హైదరాబాదు అమ్మాయని మురిసిపోయాం. ఆ మురిపెంలోనే కొందరు ఆమెది ఆంధ్రా, తెలంగాణా అని కొట్టుకున్నారనీ, ఇంకొందరు కంప్యూటర్లలో ఆమె కులమేమిటని వెతికారనీ తరవాత పేపర్లలో చదివాం. అదేం బుద్ధో!

మనం ఒక్కసారి వెండిని నెత్తిన పెట్టుకుంటాం. రెండోసారి వస్తే 'మళ్ళీ వెండేనా' అంటాం. తరవాతి రెండేళ్ళలో జరిగింది అదే.

2017 ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ అమ్మాయి నొజొమి ఒకుహారా చేతిలో ఓటమి. ఆ నవంబరులో హాంకాంగ్‌లో తైవాన్ అమ్మాయి తై జు-యింగ్ చేతిలో, డిసెంబరులో దుబాయిలో యమగుచి చేతిలో. 2018 ఫిబ్రవరిలో మన ఢిల్లీలోనే, మూడో గేమ్ 20-22. ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ ఆటల్లో సైనా చేతిలో. జూలైలో బ్యాంకాక్. ఆగస్టులో నాన్జింగ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మళ్ళీ, మళ్ళీ మారిన్. ఆ నెలాఖరుకే జకార్తా ఏషియన్ గేమ్స్. అన్నీ ఫైనళ్ళే, అన్నీ ఓటములే. 'సిల్వర్ సింధు' అన్న పేరు అప్పుడే పుట్టింది. ఎవరు పెట్టారో గానీ, నోటికి సులువుగా తిరిగే పేరు పెట్టారు. అలాంటి పేర్లే మనిషికి అంటుకుని వదలవు.

కాబట్టి మా మరిది మాటలో నిజం లేదని నేననను. ఏడాదిలో ఇన్ని ఫైనళ్ళు చేజారితే ఏదో లోపముందనే అనుకోవాలి. ఆ లోపం ఏమిటన్న దగ్గరే మా ఇద్దరికీ చెల్లు. అతనిది గుండె దిటవు లోపమంటాడు.

గ్లాస్గో ఆట నేను రెండుసార్లు చూశాను. నూటపది నిమిషాల ఆట. సినిమా అయితే ఇంటర్వెల్ దాటిపోయేది. రెండో గేమ్ చివర ఒక ర్యాలీ ఉంది, డెబ్భైమూడు దెబ్బలు. కాక్ కింద పడదు. ఇద్దరూ ఊపిరికోసం నోళ్ళు తెరుచుకుని ఆడుతున్నారు. ఆ ర్యాలీ గెలిచిందెవరో తెలుసా? సింధు. ఆ గేమ్ 22-20తో ఆమెకే వచ్చింది. వణికే చేతులు డెబ్భైమూడో దెబ్బ దాకా నిలుస్తాయా? మూడో గేమ్ 20-20 దాకా వెళ్ళి, రెండు పాయింట్ల తేడాతో పోయింది.

కానీ ఆ ఆటలో నాకు కనబడిన తప్పు వేరే. ఒకుహారా సింధు కంటే జానెడు పొట్టి. పాదరసంలాంటి పిల్ల. ఎక్కడ వేసినా తెచ్చిస్తుంది. ఎంతసేపైనా ఆడుతుంది. ఆమెకి కావలసిందే పొడుగాటి ర్యాలీలు. మన సింధుకి భగవంతుడు ఆరడుగులకి కాస్త తక్కువగా ఎత్తు ఇచ్చాడు, పైనుంచి కిందికి కొట్టే స్మాష్ ఇచ్చాడు. అవి పెట్టుకుని ఆమె ఆ రోజు ఒకుహారా ఆటని ఆడింది, తన ఆటని కాదు. వంటలో చెప్పాలంటే, గారెలు బాగా వచ్చిన చేత్తో పక్కింటివాళ్ళ పూతరేకులతో పోటీకి వెళ్ళినట్టు. అలా ఆడి కూడా రెండు పాయింట్ల దగ్గర ఆగింది చూడండి, అది ధైర్యం లేకపోవడం ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. గ్లాస్గో తరవాత సరిగ్గా మూడు వారాలకి సియోల్‌లో కొరియా ఓపెన్ ఫైనల్‌లో సింధు ఎదుట నిలబడింది మళ్ళీ ఒకుహారాయే. ఈసారి సింధు గెలిచింది, 22-20, 11-21, 21-18. మా మరిదిని అడిగితే ఆ ఆట జరిగినట్టే తెలియదన్నాడు. గ్లాస్గో మాత్రం నిన్న జరిగినట్టు చెబుతాడు. మనం ఓటములని డైరీలో రాసుకుంటాం. గెలుపులని కాలెండరు కాగితం చింపినట్టు చింపేస్తాం.

ఈ గొడవ మధ్యలోనే డాలస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి. విషయం చెప్పగానే, "అక్కా, ఇక్కడ దీనికో పేరుంది, క్లచ్ అంటారు" అన్నాడు. క్లచ్ అంటే మీ బావగారి బండికుండేది కాదుట్రా అన్నాను. కాదట. ఆఖరి నిమిషంలో, ఆట అటో ఇటో తేలే ఘడియలో నిలబడి గెలిపించేవాణ్ణి అలా అంటారట. అక్కడా ఇదే కొట్లాట, దశాబ్దాలుగా. మైకేల్ జోర్డన్ ఆరుసార్లు ఫైనల్‌కి వెళ్ళి ఆరుసార్లూ గెలిచాడు. లెబ్రాన్ జేమ్స్ పదిసార్లు వెళ్ళి నాలుగుసార్లు గెలిచాడు. అందుకని లెబ్రాన్ ఫైనల్లో ఓడేవాడంటారట.

"మరి జోర్డన్ మిగతా ఏళ్ళు ఏం చేశాడురా?" అన్నాను.

"మొదటి మూడేళ్ళూ తొలి రౌండులోనే ఇంటికెళ్ళాడక్కా."

అదండీ! తొలి రౌండులో ఓడితే అది లెక్కలోకి రాదు. ఆఖరి మెట్టు మీద జారితేనే అందరూ చూస్తారు. మా ఇంటిగలావిడ బియ్యం ఏరుతూ చెప్పినదానికీ, అమెరికాలో కోట్లు పోసి నడిపే ఆటల చర్చకీ పెద్ద తేడా నాకు కనబడలేదు. జోర్డన్ గొప్పవాడు కాడని కాదు నేననేది. ఫైనల్‌లో ఓడడం ఫైనల్‌కి రాకపోవడం కన్నా తక్కువదెలా అయిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇప్పుడు బాసెల్. 2019 ఆగస్టు 25, స్విట్జర్లాండ్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదుట మళ్ళీ ఆ ఒకుహారాయే. 21-7, 21-7. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. మా వారు షిఫ్టుకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఒక్క గేమ్ చూసి వెళతా" అన్న మనిషి ఆట మొత్తం చూసి కూడా టైముకే వెళ్ళారు. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి భారతీయురాలు. ఆ రోజు వాళ్ళమ్మగారి పుట్టినరోజట. ఆ గెలుపు ఆవిడకే అంకితమంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

కానీ విమర్శ రాయడానికి కూర్చున్నాను కాబట్టి కన్నీళ్ళు పక్కన పెడతాను. బాసెల్‌లో సింధుకి కొత్తగా ధైర్యం వచ్చిందని అందరూ రాశారు. నాకలా అనిపించలేదు. ఆ ఆటలో మొదటి పాయింటే ఒక పొడుగాటి ర్యాలీ, అది ఒకుహారాకే పోయింది. ఆ తరవాత సింధు వరసగా ఎనిమిది పాయింట్లు కొట్టింది. 8-1. పొడుగాటి ర్యాలీలకి చోటివ్వలేదు. కాక్ పైకి లేవగానే విరుచుకుపడింది. ఎత్తునీ బలాన్నీ మొదటి నిమిషం నుంచే ఖర్చుపెట్టింది. 20-20 వస్తే ఏం చేయాలన్న ప్రశ్న రానేలేదు, ఎందుకంటే 20-20 రానివ్వలేదు. గ్లాస్గోలో లోటు పడింది గుండె కాదు, పద్ధతి. పద్ధతి మార్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మనం ఆమె చేతులు వణుకుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాం.

అసలు బాసెల్‌లో ఉత్కంఠ ఫైనల్‌లో లేదు. క్వార్టర్ ఫైనల్‌లో ఉంది. ఎదుట తై జు-యింగ్. ఈ తై సింధుని ఓడించినన్ని సార్లు ఇంకెవరైనా ఓడించారో లేదో. మణికట్టులో మంత్రమేదో ఉన్నమ్మాయి. కాక్ ఎటు వస్తుందో ఆఖరి క్షణం దాకా తెలియదు. మొదటి గేమ్ 12-21, సింధు చిత్తు. ఇక ఇంటికే అనుకున్నారు. అక్కడి నుంచి 23-21, 21-19. రెండు గేములూ కత్తి అంచు మీదే. మా మరిది అడిగే 'అసలైన సమయం' ఇదే కదా? కానీ అది క్వార్టర్ ఫైనల్, పతకాలివ్వరు, జెండాలెగరవు. కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఏళ్ళ తరబడి మామూలు టోర్నీల్లో తై చేతిలో ఓడుతూ వచ్చిన సింధు, ముఖ్యమైన చోట్ల ఆమెని నిలువరించడం ఇదొక్కసారే కాదు. రియోలో కూడా, క్వార్టర్స్‌కి ముందు, రెండు వరస గేముల్లో ఓడించింది. 2018 డిసెంబరులో గ్వాంగ్‌జౌ వరల్డ్ టూర్ ఫైనల్స్‌లోనూ ఓడించింది. ఆ టైటిలూ ఒకుహారా మీదే గెలిచి తెచ్చుకుంది. చేతులు వణికే మనిషి చేసే పనులా ఇవి?

సరే, మా వారి సైనా సంగతి. సైనాని తక్కువ చేస్తే నా కళ్ళు పోతాయి. సింధు కన్నా ముందు దారి వేసిందామె. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో మనకి మొదటి పతకం, 2012 లండన్‌లో కంచు, ఆమెదే. 2015లో ప్రపంచంలో మొదటి ర్యాంకుకి వెళ్ళింది. సూపర్ సిరీస్ టైటిళ్ళ లెక్క తీస్తే సైనాదే పైచేయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లూ ఒలింపిక్సూ లెక్క తీస్తే సింధుది. ఇద్దరిలో ఎవరు గొప్ప అనడం, పెద్ద కోడలా చిన్న కోడలా అని అత్తగార్ని అడగడం లాంటిది. పైగా ఇద్దరూ గోపీచంద్ శిక్షణలో ఎదిగినవాళ్ళే. మగ ఆటగాళ్ళని పోల్చేటప్పుడు ఆటని పోలుస్తారు. ఆడపిల్లల్ని పోల్చేటప్పుడు మొహంలో పౌరుషముందా, నవ్వు ఎక్కువైందా అని చూస్తారు. సింధు నవ్వుతూ ఓడిందని కూడా ఒకాయన మా ఇంట్లోనే నిష్ఠూరమాడాడు. ఏడుస్తూ ఓడితే ఒప్పుకునేవాడేమో!

ఇంక నా కారణం చెబుతాను.

మా అమ్మాయి బడిలో షటిల్ ఆడుతుంది. ఆడుతుండేది అనాలేమో. మొన్న డిసెంబరులో పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. కప్పు కాదు గానీ ఒక మెడలూ సర్టిఫికెట్టూ తెచ్చింది. ఆ సాయంత్రం మా మరిది ఉన్నాడు. "ఏమ్మా, సిల్వర్ సింధూ!" అన్నాడు. ముద్దుగానే అన్నాడు పాపం, బాబాయి కదా. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అది మాత్రం నవ్వలేదు. మర్నాడు కడుపునొప్పని బడికి వెళ్ళలేదు. బ్యాట్ బీరువా వెనక్కి పోయింది. నెల తిరిగాక దులుపుతుంటే నా చేతికి తగిలింది, తీగలు వదులైపోయి. నేను ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే పెట్టాను. పదో తరగతికి వస్తోంది, ఆటలు మానేస్తే చదువుకుంటుందిలే అనుకున్నాను కూడాను. అదీ నిజం.

అందుకే పోయిన ఆదివారం మరిది 'చేతులు వణుకుతాయి' అనగానే, మాటా పలుకూ లేకుండా గదిలోకి లేచి వెళ్ళిన పిల్లని చూసి, నాకు పప్పు మీద ధ్యాస పోయింది.

టోక్యో ఆటలు కూడా దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చూశాను ఈ వారం. 2021 జూలై 31న సెమీఫైనల్‌లో తై చేతిలో సింధు ఓడిపోయింది, 18-21, 12-21. బంగారం ఆశ పోయింది. మర్నాడే కంచు కోసం ఆడాలి. ఒక్క రాత్రి. ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుంది? మర్నాడు వచ్చి చైనా అమ్మాయి హె బింగ్‌జియావోని 21-13, 21-15తో ఓడించింది. వ్యక్తిగత పోటీల్లో రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ అయింది. నా మట్టుకు నాకు బాసెల్ కన్నా ఇదే గొప్ప ఆట. ఇది ఫైనల్ కూడా కాదు.

"ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టి ఉంటుందా అమ్మా?" అంది మా అమ్మాయి. నాకేం తెలుసు!

ఈ ఆదివారం మళ్ళీ సభ కూడింది. నేను ఇదంతా మా మరిదికి అప్పజెప్పాను. అతను తేలిగ్గా లొంగే ఘటం కాదు. "మరి ప్యారిస్?" అన్నాడు. 2024లో అదే హె బింగ్‌జియావో సింధుని ప్రీ క్వార్టర్స్‌లోనే 19-21, 14-21తో ఓడించింది. కాదనలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ బంగారం చీలమండ గాయంతోనే గెలిచింది. దాంతో ఆ ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళలేకపోయింది. మునుపటి సింధుని అప్పుడప్పుడే చూశాం తరవాత. ఇది వయసూ గాయాలూ చేసే పని, దానికి నా దగ్గర వాదన లేదు. అయితే ప్యారిస్‌లో ఫైనల్ దాకా వెళ్ళలేదు కాబట్టి, మా మరిది లెక్క ప్రకారం అది ఫైనల్ ఓటమి కిందికి రాదు. అదే మాట అంటే తెల్లబోయి, ఆ తరవాత నవ్వాడు. పూర్తిగా ఒప్పుకోలేదు మాత్రం. "అయినా ఢిల్లీ ఫైనల్ గెలవాల్సిందే వదినా" అన్నాడు. అదీ నిజమే. గెలవాల్సిందే.

సాయంత్రం వెళ్ళబోతూ, చెప్పులేసుకుంటున్నవాడు ఆగి, "ఏమ్మా, ఒక గేమ్ వేద్దామా?" అన్నాడు లోపలికి వినబడేలా. చాలాసేపు జవాబు లేదు. తరవాత బీరువా వెనక చప్పుడైంది.

మా వీధిలో కరెంటు స్తంభానికీ నీళ్ళ ట్యాంకుకీ కలిపి నెట్ కట్టారు. సుద్దముక్కతో గీతలు. ప్లాస్టిక్ కాక్, గాలికి అదే ఆడుతుంది సగం ఆట. ఇంటిగలావిడ అరుగు మీద కూర్చుని అంపైరింగు. కళ్ళజోడు లేకుండా ఆవిడకి గీత కనబడదు, అయినా తీర్పు చెప్పడం మానదు. నేను ఈసారి పొయ్యి ఆర్పేసే వచ్చాను.

19-19 దగ్గర కాక్ గీత మీద పడిందని బాబాయి, బయట పడిందని అమ్మాయి. "లోపల్నే పడ్డది" అని ఇంటిగలావిడ. "బామ్మా, నీకసలు కనబడదు!" అని ఇది ఆవిడ మీద లేచింది. మూడు నెలల తరవాత దాని గొంతు అంత పెద్దగా వినడం. అంతలో కరెంటు పోయింది. కాక్ ఎక్కడుందో ఇద్దరూ ఫోనులో లైటు వేసుకుని మురికికాలువ పక్కన వెతుకుతున్నారు, కీచులాడుకుంటూనే.